బయాప్సీ అయి 9 రోజులు, "ఇంకో పరీక్షకు పంపాం" అంటున్నారు. ఈ ఎదురుచూపు ఎలా గడపాలి?

బీటీఎం_అనంతపురం అడిగారు:

అమ్మకి 58 ఏళ్ళు. అనంతపురం నుంచి బెంగళూరు తీసుకొచ్చి చూపిస్తున్నాం. కుడి రొమ్ములో గడ్డ. మామోగ్రామ్‌లో బైరాడ్స్ 4బీ (క్యాన్సర్ అనుమానం ఎంతో చెప్పే స్థాయి) అని రాశారు. సూదితో కోర్ బయాప్సీ చేసి ఇవాళ్టికి 9 రోజులు. మొదట 5 పనిదినాలన్నారు. నిన్న అడిగితే ఐహెచ్‌సీ అనే ఇంకో పరీక్షకి వెళ్ళింది, ఇంకో 4 రోజులు పడుతుందన్నారు. ఇంట్లో అందరం కాలు కాలిన పిల్లుల్లా తిరుగుతున్నాం.

అడగాలనుకున్నవి ఇవి. ఆలస్యమైందంటే చెడ్డదనేనా అర్థం? అమ్మకి ఏం చెప్పాలి? "ఆవిడకి చెప్పొద్దు" అని మామయ్యలు పట్టుబడుతున్నారు. అమ్మ 3 రాత్రులుగా నిద్రపోలేదు, పెద్దమ్మ తన దగ్గరున్న ఆల్ప్రాజోలామ్ వేసుకోమని ఇచ్చింది, వేయొచ్చా? నేనేమో ఆఫీసులో పది నిమిషాలకోసారి ఆస్పత్రి యాప్ తెరుస్తున్నాను. ధైర్యంగా ఉండండి అని కాకుండా ఏం చేయాలో చెప్పండి.

---

మైక్రోటోమ్ రాశారు:

ల్యాబ్ వైపు సంగతి నేను చెప్తాను. ఆ 9 రోజుల్లో ముక్కకి ఏం జరుగుతుందో తెలిస్తే సగం ఊహలు వాటంతటవే ఆగిపోతాయి.

తీసిన ముక్కల్ని వెంటనే 10 శాతం ఫార్మలిన్‌లో వేస్తారు. ముక్క పరిమాణానికి కనీసం పది రెట్లు ద్రవం ఉండాలి. రొమ్ము బయాప్సీ అయితే అందులో 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలు మించకుండా ఉండాలి. తక్కువైనా ఎక్కువైనా తర్వాత చేసే రిసెప్టర్ పరీక్షలు (కణాలకి హార్మోన్ల లాంటి సంకేతాల్ని అందుకునే ప్రొటీన్లు ఉన్నాయా అని చూసేవి) తప్పుగా వచ్చే ప్రమాదం ఉంది. తర్వాత గ్రాసింగ్, అంటే ఎన్ని ముక్కలు, ఎంత పొడవు అని కొలిచి రాసుకోవడం. ఆ రాత్రంతా ప్రాసెసర్‌లో ఆల్కహాలు నీటిని లాగేస్తుంది, జైలీన్ ఆల్కహాలును తోసేస్తుంది, కరిగిన మైనం ఆ ఖాళీల్లోకి చేరుతుంది. తెల్లారి మైనపు బ్లాకు కట్టి, 3 నుంచి 5 మైక్రాన్ల మందంలో పొరలు కోసి, గాజు పలక మీద పరిచి, హెచ్ అండ్ ఈ రంగులు వేస్తారు. అప్పుడు పాథాలజిస్టు చూస్తారు. మధ్యలో ఒక ఆదివారమో పండగో పడితే ఆ రోజు ఎలాగూ పోయినట్టే.

"5 పనిదినాలు" అన్నది ఇక్కడివరకే. ఆ పొర చూసి తేల్చలేకపోతే ఇంకా లోతు పొరలు కోయిస్తారు, లేదా ఐహెచ్‌సీ, అంటే కణాల్లోని ఫలానా ప్రొటీన్లకి రంగు పట్టించి చూసే పరీక్ష, అడుగుతారు. ఐహెచ్‌సీ అడగడానికి ముఖ్యంగా రెండు కారణాలుంటాయి. ఒకటి, అనుమానం తీర్చుకోవడం. పాల నాళం చుట్టూ ఉండాల్సిన మయోఎపిథీలియల్ కణాల వరస చెక్కుచెదరకుండా ఉందా అని పీ63 లాంటి మార్కర్లతో చూస్తారు. చాలాసార్లు "ఇది క్యాన్సర్ కాదు" అని ఖాయం చేసుకోవడానికే ఈ పని. రెండు, క్యాన్సర్ కనిపించాక ఈఆర్, పీఆర్, హెర్2 అనే మూడు రిసెప్టర్లు చూడటం. ఏ మందు పనిచేస్తుందో ముఖ్యంగా ఈ మూడే చెప్తాయి, ఇవి లేకుండా డాక్టరు సాధారణంగా మందుల చికిత్స మొదలుపెట్టరు. మీ విషయంలో ఈ రెండిట్లో ఏదో కౌంటర్ దగ్గర తేలదు. కాబట్టి ఐహెచ్‌సీ అన్నారని క్యాన్సరే అనుకోకండి, కాదనీ అనుకోకండి. కౌంటర్లో అమ్మాయి ముఖం చూసి శకునం లెక్కపెట్టే పనయితే అసలు వద్దు. ఆమెకి తెరమీద "పెండింగ్" అన్న మాట తప్ప ఇంకేం కనబడదు.

అడగాల్సినవి మీ డాక్టర్ని అడగండి. "హెచ్ అండ్ ఈ మీద ప్రొవిజనల్ రిపోర్టు ఏమైనా ఉందా? ఏ మార్కర్లకి పంపారు?" ఆయన పాథాలజిస్టుకి ఫోన్ చేసి కనుక్కోగలరు. మీకు ఆ వివరం ఇప్పుడే కావాలా వద్దా అన్నది మాత్రం ముందు ఇంట్లో తేల్చుకుని అడగండి.

ఇంకోటి. ఐహెచ్‌సీ ప్రతి రన్‌లోనూ ఫలితం ముందే తెలిసిన ఒక కంట్రోల్ స్లైడ్ పెడతారు. కంట్రోల్‌కి రంగు సరిగా పట్టకపోతే ఆ రన్ మొత్తం చెల్లదు, మళ్ళీ చేయాలి, ఒకట్రెండు రోజులు పోతాయి. హెర్2 స్కోరు 2 ప్లస్ వస్తే అటూ ఇటూ కాదన్నమాట. దాన్ని ఫిష్ అనే జన్యు పరీక్షకి పంపుతారు, అదయ్యే సరికి ఇంకో వారం దాకా పట్టొచ్చు. ఈ సంగతి ఇప్పుడే తెలిస్తే రేపు "ఇంకా రాలేదు" అన్నప్పుడు గుండె జారిపోదు.

4బీ అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం 10 శాతానికి పైన, 50 శాతం లోపు. అంటే 4బీ వచ్చినవాళ్ళలో కనీసం సగం మందికి క్యాన్సర్ కాదనే తేలుతుంది. ఇది ఓదార్పుకి చెప్పే మాట కాదు, ఆ వర్గాన్ని నిర్వచించిందే అలా.

---

రామకోటి_పుస్తకం రాశారు:

కౌన్సెలింగ్ వైపు నుంచి.

ఎదురుచూపు మీదే పనిచేసిన ఒక సైకాలజిస్టు ఉన్నారు, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్‌లో కేట్ స్వీనీ. లా పరీక్ష రాసి ఫలితం కోసం 4 నెలలు చూసే పట్టభద్రుల్ని గమనించారు. ఆందోళన మొదట్లోనూ చివర్లోనూ ఎక్కువ, మధ్యలో కాస్త తగ్గుతుంది. మీకిప్పుడు చివరి రోజుల్లో ఎక్కువవుతోందంటే అది మామూలు పోకడే, మీ మనసు బలహీనమై కాదు. "ఆలోచించకుండా ఉండు", "మంచే జరుగుతుందనుకో" లాంటి పద్ధతులు ఆందోళనని పెద్దగా తగ్గించలేదని కూడా అందులోనే తేలింది. కాబట్టి అమ్మతో "టెన్షన్ పడకు" అనడం మానేయండి. పడుతున్నందుకు ఆవిడ ఇంకా సిగ్గుపడుతుంది, అంతే.

కాస్త పనికొచ్చేది చేతిని, చూపుని, మనసుని ఒకేసారి పట్టి ఉంచే పని. మరీ తేలిక కాకూడదు, మరీ కష్టం కాకూడదు, ఎంతయిందో కళ్ళకి కనబడాలి. టీవీ దీనికి పనికిరాదు. తెర మీద బొమ్మ కదులుతుంటుంది, మనసు దాని పని అది చేసుకుంటూనే ఉంటుంది. మల్లెపూలు మాల కట్టడం, చుక్కలు లెక్కపెట్టి మెలికల ముగ్గు వేయడం, చింతపండు గింజ తీయడం, క్రోషే అల్లడం. అమ్మకి అలవాటుంటే రామకోటి రాయడం చాలా బాగా పనిచేస్తుంది, అరగంటకి ఎన్ని వరసలు నిండాయో కనబడుతుంది కూడా. ఒక్కటే జాగ్రత్త, "వెయ్యి నామాలు పూర్తయితే రిపోర్టు బాగుంటుంది" అని బేరం పెట్టుకోకూడదు. బేరం మొదలైతే రాత ఆగినప్పుడల్లా భయం రెట్టింపవుతుంది. మొక్కు వేరు, బేరం వేరు, ఈ తేడా ఆవిడకి మీకంటే బాగా తెలుసు, అడిగి చూడండి.

ఆందోళనకి ఒక వేళ కేటాయించండి. 1983లో థామస్ బోర్కోవెక్ బృందం రాసిన పద్ధతి ఇది, ఇప్పటికీ వాడుతున్నాం. రోజూ ఒకే చోట, ఒకే సమయంలో, 20 నుంచి 30 నిమిషాలు. సాయంత్రం 5.30 అనుకోండి. మంచం మీద కాదు, కుర్చీలో. లాంగ్‌నోట్‌బుక్ పేజీ మధ్యలో గీత గీసి ఎడమవైపు "ఈ రోజు చేయగలిగింది", కుడివైపు "రిపోర్టు వచ్చాకే తేలేది" అని రాయండి. పగలు ఏ ఆలోచన వచ్చినా చీటీ మీద ఒక్క మాట రాసి 5.30కి వాయిదా వేయండి. ఇది ఎక్కడ చెడుతుందంటే, పడుకునే ముందు చేస్తే నిద్రని తినేస్తుంది. నలుగురూ కూర్చుని మాటల్లో చేస్తే ఒకరి భయం ఇంకొకరికి అంటుకుంటుంది. అలారం పెట్టుకోకపోతే 20 నిమిషాలు కాస్తా రెండు గంటలవుతాయి. ఇంకో మాట, ఇది పట్టుబడటానికి కొన్ని రోజులు పడుతుంది. 4 రోజుల్లో పూర్తిగా కుదరదు, కుదిరినంతే లాభం.

యాప్ సంగతి. తెరిచిన ప్రతిసారీ ఒక్క నిమిషం హాయి, వెంటనే మళ్ళీ చూడాలనిపించడం. ఈ చక్రాన్ని పెంచేది తెరవడమే. ఇంట్లో ఒక్కరే చూడాలి, రోజుకి రెండుసార్లు, 11కి, సాయంత్రం 5కి. చూసినవాళ్ళు మిగతావాళ్ళకి "లేదు" అని ఒక్క మాట చెప్పాలి. మీ ఫోన్‌లోంచి ఆ యాప్ తీసేయండి.

గాభరా ఎక్కినప్పుడు, గోడ గడియారం సెకన్ల ముల్లు చూస్తూ ముక్కుతో 4 సెకన్లు పీల్చి 6 సెకన్లు వదలడం. నిమిషానికి 6, ఐదు నిమిషాల్లో 30. అందరూ చేసే తప్పు, "గట్టిగా ఊపిరి పీల్చు" అనగానే ఛాతీ నిండా లాగి లాగి వదలడం. అలా చేస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి వేళ్ళు, పెదాలు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. అది చూసి గుండెకేదో అయిందని ఇంకా భయం. చిన్న ఊపిరి, నెమ్మదిగా. ఛాతీ మీద బరువు చేతికో దవడకో పాకినా, చల్లటి చెమటలు పట్టినా మాత్రం ఊపిరి లెక్కపెట్టుకుంటూ కూర్చోకండి, ఎమర్జెన్సీకి వెళ్ళండి.

నిద్రకి. మధ్యాహ్నం తర్వాత ఫిల్టర్ కాఫీ ఆపండి. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు 5 గంటలు పడుతుంది. 20 నిమిషాలు గడిచినట్టనిపించి నిద్ర పట్టకపోతే లేచి వేరే గదిలో మసక వెలుతురులో కూర్చోవాలి, నిద్ర ముంచుకొచ్చాకే మళ్ళీ మంచం. గడియారం కనబడకుండా తిప్పి పెట్టండి. పొద్దున మాత్రం ఎప్పటి టైముకే లేవాలి.

రాత్రి ఎవరికైనా మాట్లాడాలనిపిస్తే టెలి మానస్ 14416. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. 2022 అక్టోబరు 10న మొదలైంది, దీనికి పైనుండే కేంద్రం ఇక్కడి మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్సే. బతకాలని లేదన్న మాట ఇంట్లో ఎవరి నోటైనా వస్తే రాత్రి దాకా ఆగకుండా వెంటనే చేయండి, ఆ మనిషిని ఒంటరిగా వదలకండి.

---

మందులకొట్టు రాశారు:

ఆ ఆల్ప్రాజోలామ్ వేయకండి. పెద్దమ్మకి రాసిన మోతాదు పెద్దమ్మ కోసం. అలవాటు లేని 58 ఏళ్ళావిడ రాత్రి బాత్రూముకి లేస్తే తూలి పడే ప్రమాదం, మర్నాడు మత్తు, మతిమరుపు. దగ్గు సిరప్‌తోనో మత్తిచ్చే జలుబు మాత్రతోనో కలిస్తే ఇంకా ఎక్కువ. ఇది షెడ్యూల్ హెచ్1 మందు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మితే రిజిస్టర్లో రాయాలి. ఊరికే పెట్టలేదు ఆ నియమం. 3 రాత్రులు నిద్ర లేదంటే ఇప్పుడు చూస్తున్న డాక్టరుకే చెప్పండి, అవసరమైతే ఆయనే తక్కువ రోజులకి రాస్తారు.

బీపీ, షుగర్, థైరాయిడ్ మాత్రలు ఈ హడావుడిలో మర్చిపోతారు, అది నిజంగా జరిగేదే. డబ్బాలో రోజువారీగా పెట్టండి. షుగర్ ఉంటే ఒత్తిడికే కొంచెం పెరుగుతుంది, కంగారుపడి మోతాదు మార్చకండి. రక్తం పలచబడే మాత్ర బయాప్సీకి ముందు ఆపించి ఉంటే ఎప్పుడు మొదలుపెట్టాలో అడిగారా?

---

బీటీఎం_అనంతపురం:

ఎకోస్ప్రిన్ ఆపించారు. అడగలేదు, ఇవాళే అడుగుతాను. ఇంకో రెండు సందేహాలు. సూది గుచ్చిన చోట గడ్డ పెద్దదైనట్టుందని అమ్మ రోజుకి నాలుగైదుసార్లు నొక్కి చూసుకుంటోంది. "సూది పెడితే పాకుతుంది" అని ఊర్లో ఎవరో అన్నారట. ఇంకోటి, రిపోర్టు రాత్రి 10కి యాప్‌లో వచ్చి పడితే ఏం చేయాలి?

---

వార్డు_డైరీ రాశారు:

నొక్కడం ఆపించండి ముందు. కోర్ బయాప్సీ తర్వాత లోపల కొంచెం రక్తం గడ్డకట్టి గట్టిగా తగులుతుంది, పైన నీలంగా కములుతుంది, వారం రెండు వారాల్లో తగ్గుతుంది. నొక్కిన కొద్దీ నొప్పి, వాపు, దాంతో "పెరిగింది" అన్న భయం. వాపు రోజురోజుకీ పెరుగుతుంటే, జ్వరం వస్తే, చీము కారితే మాత్రం వెంటనే చూపించాలి. సూది పెడితే పాకుతుందన్నది తప్పు. చికిత్సకి ముందు కోర్ బయాప్సీ ప్రపంచమంతటా మామూలుగా చేసే పనే, దానివల్ల జబ్బు ముదరదు. ఈ వారం పది రోజుల ఆలస్యంతోనూ చికిత్స ఫలితం మారిపోదు. వారాలు, నెలల తరబడి వదిలేస్తే మాత్రం తేడా వస్తుంది.

అమ్మకి చెప్పడం గురించి. మామయ్యలతో వాదన పెట్టుకోకుండా నేరుగా అమ్మనే అడగండి, అదీ రిపోర్టు రాకముందే. "అమ్మా, డాక్టరు ఏం చెప్పినా నీకు చెప్పమంటావా, లేక ముందు మేం విని తర్వాత చెప్పమంటావా?" ఇప్పుడైతే అది మామూలు ప్రశ్న. రిపోర్టు వచ్చాక అడిగితే మీ ముఖమే జవాబు. ఆవిడ "మీరే చూసుకోండి" అంటే అదీ ఆవిడ నిర్ణయమే. ఈలోగా "కొవ్వుగడ్డే, ఏం లేదు" అని మాత్రం అనకండి. "అదేమిటో తేల్చడానికే ముక్క తీశారు, ఇంకా తేలలేదు" అనండి, నిజం కూడా అదే. దాచడం ఎలాగూ సాగదు. ఇక్కడ కిద్వాయ్ క్యాన్సర్ ఆస్పత్రి గేటు దాటితేనే బోర్డులు చెప్పేస్తాయి. చెప్పకపోతే పక్క బెంచీ మీద కూర్చున్నావిడ చెప్తుంది, ఆవిడ చెప్పే తీరు మీరు చెప్పేలా ఉండదు.

చుట్టాలకి ఒకే సందేశం పంపండి: "రిపోర్టు ఇంకా రాలేదు. రాగానే మేమే చెప్తాం. అమ్మతో వేరే కబుర్లు చెప్పండి." ప్రతి ఫోనుకీ మొదట్నుంచీ కథ చెప్పడంతోనే ఇంట్లోవాళ్ళు సగం అలసిపోతారు.

రాత్రి 10కి వస్తే తెరవకండి. డాక్టరుతో మాట్లాడే వీలున్న వేళకే తెరవాలని ఇప్పుడే నియమం పెట్టుకోండి, రాసి ఫ్రిజ్ మీద అంటించండి. ఎందుకంటే ఈ రిపోర్టు భాష మోసం చేస్తుంది. "నెగటివ్" కనబడగానే హమ్మయ్య అనుకుంటారు, కానీ ఈఆర్ నెగటివ్, హెర్2 నెగటివ్ అంటే ఆ రిసెప్టర్లు లేవని, క్యాన్సర్ లేదని కాదు. "గ్రేడ్ 2" చూసి రెండో స్టేజ్ అనుకుంటారు. గ్రేడ్ కణాల తీరు గురించి, స్టేజ్ ఎంత దూరం పాకిందన్నదాని గురించి. కీ67 పక్కన 30 శాతం అనుంటే 30 శాతం పాకిందని కాదు, కణాల్లో ఎన్ని విభజన బాటలో ఉన్నాయో చెప్పే అంకె. "ఎటిపియా" (కణాలు మామూలుకి భిన్నంగా కనబడటం) అన్న మాటా అంతే, అది ఒక్కటే చూసి క్యాన్సర్ అనుకోవడానికి లేదు.

తెలుగువాళ్ళం కీడెంచి మేలెంచమంటాం. అది మంచి పద్ధతే, కానీ దానికీ వేళ ఉంది. మొదటి రోజు నుంచీ కీడే ఎంచుతూ కూర్చుంటే మనిషి కరిగిపోతాడు. రిపోర్టు తీసుకునే ముందురోజు సాయంత్రం మాత్రం కూర్చుని, చెడ్డదని తేలితే మొదటి వారం ఎవరు సెలవు పెడతారు, అమ్మ దగ్గర ఎవరుంటారు, బీమా కార్డులు ఎక్కడున్నాయి, నాన్నకి ఎవరు చెప్తారు అని రాసుకోండి. ఒక పేజీ, అంతకన్నా వద్దు.

---

మైక్రోటోమ్:

పైవాళ్ళు చెప్పనిది ఒకటి. "ఫోన్ రాలేదు, అంటే బాగానే ఉందిలే" అని ఊరుకోకండి. రిపోర్టులు దారి తప్పుతాయి. బయాప్సీకి ల్యాబ్ వేరే నంబరు ఇస్తుంది, ఆస్పత్రి నంబరు వేరు. రసీదు మీద ఆ బయాప్సీ నంబరు ఉందో లేదో చూసుకోండి, లేకపోతే అడిగి రాయించుకోండి. పేరుతో వెతికితే తరచూ దొరకదు. మన ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, ఇక్కడి కౌంటర్లో చివర రాస్తారు, లేదా ఒక్క ఇనీషియల్‌తో సరిపెడతారు. వాళ్ళు చెప్పిన 4 రోజులు దాటితే 5వ రోజు ఆ నంబరు పట్టుకుని "ఫలితం ఎక్కడుంది, ఎవరు సంతకం చేయాలి" అని అడగండి. చాలామందికి తెలుగు అర్థమవుతుంది, భాష అడ్డు కాదు, నంబరు లేకపోవడమే అడ్డు.

రెండో అభిప్రాయం కావాలనుకుంటే కాగితం ఒక్కటే సరిపోదు. స్లైడ్లూ, మైనపు బ్లాకూ రెండూ రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. వాటిమీది నంబరు రిపోర్టు నంబరుతో కలుస్తోందా చూసుకోండి. స్లైడ్లు ప్లాస్టిక్ పెట్టెలో, చొక్కా జేబులో కాదు. బ్లాకుని ఎండలో నిలిపిన కారులో వదలకండి, ఆ మైనం 60 డిగ్రీల దగ్గర్లోనే కరుగుతుంది. పని అయ్యాక బ్లాకు తిరిగి ల్యాబ్‌కి ఇచ్చేయండి, తర్వాత ఇంకో పరీక్ష కావాల్సివస్తే దాంట్లోంచే కోయాలి.

---

బీటీఎం_అనంతపురం:

నంబరు రసీదు వెనక చేత్తో రాసి ఉంది, ఇప్పుడే చూశాను. అమ్మని కూడా అడిగాను. "నాకే చెప్పు, మీ మామయ్యకి తర్వాత నేను చెప్తాను" అంది. యాప్ తీసేశాను, చెల్లి చూస్తుంది. రిపోర్టు రోజు డాక్టరు దగ్గరికి ఏమేం పట్టుకెళ్ళాలి?

---

వార్డు_డైరీ:

మామోగ్రామ్ రిపోర్టు కాగితం మాత్రమే కాదు, ఫిల్ములో, సీడీయో కూడా. అమ్మ వాడే మాత్రల పేర్లు, మోతాదులు ఒక చీటీ మీద. 5 ప్రశ్నలకి మించకుండా రాసుకోండి, మొదటిది "ఇది ఏమిటి", రెండోది "తర్వాతి అడుగు ఏమిటి, ఏ తారీఖున". ఇద్దరు వెళ్ళండి, ఒకరు వినాలి, ఒకరు రాయాలి. ఫోన్‌లో రికార్డు చేసుకోవచ్చా అని డాక్టర్ని ముందే అడగండి. భయంలో చెవికి చేరింది సగం కూడా గుర్తుండదు. అపాయింట్‌మెంట్ పొద్దునదే అడగండి, సాయంత్రమైతే ఆ రోజంతా ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవాలి. అమ్మ ఏమీ తినకుండా బయల్దేరుతుంది, ఒక ఇడ్లీ అయినా తినిపించి తీసుకెళ్ళండి.